కణజాల పరీక్ష: యంత్రం చేసే పని, కొట్టం దగ్గర మనం చేయవలసిన పని

పశువు చనిపోయిన తర్వాత ఇంక పరీక్షలెందుకని చాలామంది సభ్యులు అడుగుతుంటారు. పోయిన పశువు తిరిగి రాదన్న మాట నిజమే. కాని అదే కొట్టంలో, అదే గాడిలో మేత తినే మిగిలిన పశువుల సంగతి ఏమిటి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. రంగారెడ్డి జిల్లా జల్‌పల్లిలో ఒక సభ్యునికి ఐదు గేదెలున్నాయనుకుందాం. వాటిలో ఒకటి మూడు నెలలుగా పారుకుంటూ వచ్చింది. మేత తింటూనే ఉంది, అయినా రోజురోజుకూ చిక్కిపోయింది. పాలు తగ్గిపోయాయి. నట్టల మందు పోస్తే నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలైంది. చివరకు ఒకనాటి తెల్లవారుజామున పడిపోయి ప్రాణం విడిచింది. ఇది కార్జపు జలగల వలన కావచ్చు. క్షయ కావచ్చు. పేగులకు వచ్చే జోన్స్ వ్యాధి కావచ్చు. జలగలైతే మిగిలిన నాలుగింటికీ మందు పోయించి, చెరువు గట్టు మేత మాన్పిస్తే బయటపడతాయి. జోన్స్ వ్యాధి అయితే దానికి పనికివచ్చే చికిత్స లేదు. రోగపు పశువు పేడ తగిలిన మేత, నీరు, చివరకు పొదుగుకు అంటిన పేడ ద్వారా కూడా దూడలకు చిన్ననాడే సోకుతుంది, బయటపడటానికి మాత్రం ఏండ్లు పడుతుంది. అంటే ఆ ఇంట ఏ దూడను పెంచుకోవాలి, ఏ పశువును వేరుగా కట్టాలి అన్నది ఈ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉన్నది.

ఆ జవాబు చాలాసార్లు వేలిగోరంత పేగు ముక్కలో దొరుకుతుంది. పశువైద్యుడు శవపరీక్ష చేసినప్పుడు జలగలైతే కార్జంలో కంటికే కనబడతాయి. జోన్స్ వ్యాధిలో పేగు లోపలి పొర మందమై ముడుతలు పడుతుంది గాని, అన్ని పశువులలోను అంత స్పష్టంగా ఉండదు. అప్పుడు పేగు చివరి భాగం నుండి, దాని పక్కనుండే గ్రంథుల నుండి ముక్కలు తీసి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ వాటిని పలుచటి పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ప్రత్యేకమైన రంగు వేస్తే జోన్స్ సూక్ష్మజీవులు ఎర్రటి చిన్న పుల్లల్లా గుంపులు గుంపులుగా కనబడతాయి. ఈ వ్యాధిని 1895లో జర్మనీ దేశంలో జోనే అనే శాస్త్రజ్ఞుడు గుర్తించింది ఇలాంటి పేగు ముక్కలోనే. ఆయన పేరే వ్యాధికి నిలిచింది.

జల్‌పల్లి నుండి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల అట్టే దూరం కాదు. మైలార్‌దేవుపల్లి, ఆరాంఘర్ మీదుగా గంట లోపే చేరవచ్చు. 2014 నుండి అది పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్నది, అక్కడ పాథాలజీ విభాగం ఉన్నది. ఇబ్రహీంపట్నం వైపు సంఘాల వారికి మరికొంత దూరమైనా అదీ ఒక పూట ప్రయాణమే. ముక్క చేరే దారి ఇంత దగ్గరగా ఉండి కూడా జవాబు ఎందుకు ఆలస్యమవుతుంది, ఒక్కొక్కసారి అసలు ఎందుకు రాదు అన్నదే ఈ పాఠంలో చెప్పబోయే సంగతి.

"సారూ, ఇప్పుడు అన్నీ మిషిన్లే చేస్తున్నయంటరు గదా, మా బర్రె రిపోర్టుకు వారం దినాలెందుకు?" అని ఒక పెద్దాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ ముక్కకు ఏమేమి జరుగుతుందో తెలియాలి.

నీరు పోవాలి, మైనం రావాలి

పచ్చి కార్జాన్ని కత్తితో ఎంత పలుచగా కోసినా కాగితమంత పొర రాదు, నలిగిపోతుంది. సూక్ష్మదర్శినికి కావలసిన పొర మందం నాలుగైదు మైక్రాన్లు. ఒక మిల్లీమీటరు మందంలో 200 పొరలు తీస్తే ఒక్కొక్కటి ఎంత ఉంటుందో అంత. మెత్తని పచ్చి ముక్కను అలా కోయాలంటే దాని లోపల అణువణువునా గట్టిపడే పదార్థం నిండాలి. దానికి వాడేది మైనం. కొవ్వొత్తి మైనం వంటిదే, కాని శుద్ధి చేసినది, సుమారు 56 నుండి 60 డిగ్రీల మధ్య కరిగేది.

చిక్కెక్కడంటే, శరీరంలోని కండలో ఎక్కువ భాగం నీరే. నీటికి, మైనానికి పొత్తు కుదరదు. నీళ్ళలో కరిగిన నెయ్యి పోస్తే ఏమవుతుందో మన ఇండ్లలో అందరికీ తెలుసు. కనుక రెండింటి మధ్య మధ్యవర్తులు కావాలి. మొదటి మధ్యవర్తి ఆల్కహాలు. అది నీటితో కలుస్తుంది. ముక్కను 70 శాతం ఆల్కహాలులో కొంతసేపు, తర్వాత 80, 95, చివరకు నీరు బొత్తిగా లేని ఆల్కహాలులో ఉంచితే ముక్కలోని నీరంతా క్రమంగా బయటకు పోతుంది. ఒక్కసారిగా గాఢమైన ఆల్కహాలులో వేస్తే ముక్క ముడుచుకుపోతుంది. అందుకే మెట్లు మెట్లుగా. రెండవ మధ్యవర్తి జైలీను అనే ద్రవం. ఇది ఆల్కహాలుతోను కలుస్తుంది, మైనంతోను కలుస్తుంది. జైలీనులో ముక్క గాజులా పారదర్శకమవుతుంది. ఆ తర్వాతనే కరిగిన మైనంలో వేయాలి. జైలీను బయటకు వస్తుంటే ఆ చోట్లలోకి మైనం చేరుతుంది.

మధ్యలో ఏ మెట్టు సరిగా జరగకపోయినా తెలిసిపోయే గుర్తొకటి ఉన్నది. ముక్కలో ఇంకా నీరు మిగిలి ఉంటే జైలీను పాలలా తెల్లబడుతుంది. మన చేతిలో పాలు తెల్లగా ఉంటే సంతోషం. ప్రయోగశాల వారికి మాత్రం ఆ తెలుపు చూస్తే గుండె గుభేలుమంటుంది. మళ్ళీ ఆల్కహాలుకు వెనక్కు పోవాలి.

ఇదంతా మొదలయ్యే ముందు ఇంకొక మెట్టున్నది, అన్నిటికన్న ముఖ్యమైనది. ప్రాణం పోయిన క్షణం నుండి కండ తనను తాను కరిగించుకోవడం మొదలుపెడుతుంది. దానిని ఆపి, కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టాలి. ఈ పని ఫార్మలిన్ చేస్తుంది. 1893లో జర్మనీలో బ్లూమ్ అనే వైద్యుడు ఫార్మలిన్‌కు ఈ గుణమున్నదని గమనించాడు. నాటి నుండి నేటి వరకు దానికి సరియైన బదులు అందరూ ఒప్పుకొన్నది రాలేదు.

రాత్రంతా తిరిగే బుట్ట

పూర్వం ఈ మెట్లన్నీ చేత్తోనే జరిగేవి. ప్రయోగశాల సహాయకుడు వరుసగా సీసాలు పెట్టుకొని, గడియారం చూసుకుంటూ ముక్కలను ఒక సీసాలో నుండి మరొక సీసాలోకి మార్చేవాడు. పగలు మొదలుపెడితే సగంలో సాయంత్రమవుతుంది. రాత్రి ఎవరుంటారు? ముక్కలు ఏదో ఒక ఆల్కహాలులో తెల్లవారే వరకు పడి ఉండేవి. ఒకరు చేసిన పని ఒక తీరుగా, మరొకరు చేసినది మరొక తీరుగా ఉండేది.

ఈ బాధ తీర్చడానికి యంత్రం వచ్చింది. అమెరికాలో 1939లో స్థాపించిన టెక్నికాన్ అనే కంపెనీ ఆటోటెక్నికాన్ అనే పేరుతో ఇలాంటి యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని నమూనాలోనే తరువాతి దశాబ్దాలలో అనేక దేశాలలో యంత్రాలు తయారయ్యాయి. చూడటానికి ఒక గుండ్రని బల్ల. దాని చుట్టూ పన్నెండు పాత్రలు. మొదటి ఒకటి రెండింటిలో ఫార్మలిన్, తర్వాత వరుసగా పెరిగే ఆల్కహాళ్ళు, తర్వాత జైలీను, చివరి రెండు పాత్రలు కింద వేడి పెట్టిన మైనం కుండలు. నడుమ ఒక స్తంభం, దానికి వేలాడే చిల్లుల బుట్ట. ముక్కలను అగ్గిపెట్టెకన్న చిన్నవైన చిల్లుల డబ్బీలలో పెట్టి, నంబరు వేసి, ఆ బుట్టలో సర్దుతారు.

ఈ యంత్రానికి తెలివి ఎక్కడుందంటే, పక్కనే ఉండే గడియారపు పళ్ళెంలో. దాని అంచున గాట్లు పెట్టి ఉంటాయి. పళ్ళెం మెల్లగా తిరుగుతూ ఒక గాటు మీట దగ్గరకు రాగానే మోటారు కదులుతుంది. బుట్ట పైకి లేస్తుంది, ఒక పాత్ర దూరం తిరుగుతుంది, తర్వాతి పాత్రలోకి దిగుతుంది. మళ్ళీ గాటు వచ్చే వరకు అక్కడే పైకీ కిందికీ మెల్లగా ఆడుతూ ఉంటుంది. ఆ ఆడటం వలన ద్రవం లోపలికి త్వరగా చేరుతుంది. ఏ పాత్రలో ఎంతసేపు ఉండాలన్నది గాట్ల మధ్య దూరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. సాయంత్రం ఐదు గంటలకు బుట్ట వేలాడదీసి ఇంటికి పోతే, మర్నాడు ఉదయం వచ్చేసరికి ముక్కలు ఆఖరి మైనం కుండలో సిద్ధంగా ఉంటాయి. సుమారు పద్నాలుగు పదహారు గంటల పని, మనిషి కాపలా లేకుండా.

దీనికీ బలహీనతలున్నాయి. బుట్ట ఒక పాత్రలో నుండి లేచి ఇంకొక పాత్రలోకి దిగే లోపల కరెంటు పోయిందా, ముక్కలు గాలిలోనే వేలాడుతూ ఆరిపోతాయి. ఆరిన ముక్క ఎండుకొబ్బరిలా గట్టిపడుతుంది, దానిని మళ్ళీ మామూలుగా చేయడం కష్టం. మైనం కుండ చల్లబడితే ముక్క ముద్దలో ఇరుక్కుంటుంది, కుండ మరీ వేడెక్కితే అప్పడంలా పెళుసవుతుంది. అందుకే ఇలాంటి యంత్రానికి బ్యాటరీ ఆసరా తప్పనిసరి. ఇంకొకటి, బుట్ట వెళ్ళిన ప్రతిసారీ వెనుకటి పాత్రలోని ద్రవం కొంత ముందు పాత్రలోకి మోసుకుపోతుంది. కడిగిన క్యాను సరిగా వంచకుండా పాలు పోస్తే నీళ్ళు కలిసినట్టే ఇది. నీరు లేని ఆల్కహాలులోకి నీరు చేరుతుంది. ఆల్కహాలును లెక్క ప్రకారం మార్చని చోట యంత్రం ఎంత మంచిదైనా ముక్క పాడవుతుంది.

1970ల నుండి మరొక రకం యంత్రం వాడుకలోకి వచ్చింది. అందులో ముక్కలు కదలవు, ద్రవాలే కదులుతాయి. ముక్కలను మూతపెట్టిన ఒక గదిలో ఉంచితే, పంపు ఒక్కొక్క ద్రవాన్ని లోనికి తెచ్చి, పని కాగానే బయటకు తోడుతుంది. లోపల గాలి పీల్చి ఒత్తిడి తగ్గించడం వలన ముక్కలోని గాలి బుడగలు పోయి మైనం బాగా పడుతుంది. ఊపిరితిత్తుల ముక్కలకు ఇది ఎంతో మేలు. ఘాటైన ఆవిర్లు గదిలోకి రావు. కరెంటు పోయినా ముక్కలు ద్రవంలోనే ఉంటాయి గనుక ఆరిపోవు. ఇప్పుడు వీటిని కంప్యూటరే నడుపుతుంది. మైక్రోవేవు వేడితో రాత్రి పనిని రెండు మూడు గంటలకు కుదించిన యంత్రాలు కూడా ఉన్నాయి. అయితే వాటికి ముక్కలు మరీ పలుచగా ఉండాలి.

యంత్రం చేయలేనిది

పైన చెప్పిన పెద్దాయన ప్రశ్నకు ఇప్పుడు లెక్క చెప్పవచ్చు. ముక్క ఫార్మలిన్‌లో పూర్తిగా నిలబడటానికి ఒకటి రెండు రోజులు. యంత్రంలో ఒక రాత్రి. మర్నాడు మైనం దిమ్మెలో ముక్కను సరియైన ముఖం పైకి వచ్చేటట్టు పెట్టాలి, ఇది చేతి పని. పేగు అడ్డంగా పెడితే లోపలి పొర నుండి బయటి పొర వరకు కనబడుతుంది, బోర్లా పడితే ఏమీ తెలియదు. తర్వాత మైక్రోటోము అనే కోత యంత్రం మీద పొరలు తీయాలి. అవి వేడినీళ్ళ మీద తేలుతుంటే గాజు పలకతో ఒడుపుగా ఎత్తాలి. ఆరబెట్టాలి, మైనం కరిగించాలి, రంగులద్దాలి. కణాల నడిమి బీజాన్ని నీలంగా చూపే హిమటాక్సిలిన్ రంగు మధ్య అమెరికా అడవుల్లోని ఒక చెట్టు చేవ నుండి వస్తుంది, మిగిలిన భాగాన్ని ఇయోసిన్ గులాబీ రంగుగా చూపుతుంది. ఇంత అయ్యాక పాథాలజీ డాక్టరు పలకను చూస్తారు. జోన్స్, క్షయ వంటి అనుమానం వస్తే ఇంకొక పొర కోసి ప్రత్యేకమైన రంగు వేయిస్తారు. నాలుగైదు రోజులు ఇలా న్యాయంగానే పడతాయి. యంత్రం తగ్గించింది రాత్రి పనిని మాత్రమే.

అసలు విషయం వేరే ఉన్నది. మన సంఘాలకు ఇది పాల పరీక్ష ద్వారా ఎప్పుడో తెలిసిన సంగతి. గెర్బర్ పరీక్షలో చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజు పోయి కరెంటుది వచ్చింది. తర్వాత మిల్కోటెస్టరు, దాని తర్వాత చిటికెలో అంకె చూపే ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. కాని క్యానులోని పాలు బాగా కలియబెట్టకుండా పైపైన ముంచి తీసిన నమూనాకు ఏ పరికరమూ సరియైన వెన్న శాతం చెప్పలేదు. తప్పు అంకెనే చక్కగా, త్వరగా చూపుతుంది. కణజాల యంత్రమూ అంతే. కుళ్ళిన ముక్కను దానిలో పెడితే, కుళ్ళిన ముక్కనే ఎంతో నేర్పుగా మైనంలో పొదిగి ఇస్తుంది. రిపోర్టులో "నమూనా చెడిపోయినది, నిర్ధారణ సాధ్యం కాదు" అని వస్తుంది. ఆ సభ్యుడు వారం రోజులు ఎదురుచూసినది దీని కోసమా?

ప్రయోగశాలలో ముక్కకు జరిగేదంతా మన చేతుల్లో లేదు. మొదటి ఆరు గంటలు మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి.

కొట్టం దగ్గర

మొట్టమొదట ఒక హెచ్చరిక. బాగున్న పశువు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు నుండి, పేడదారి నుండి నల్లటి రక్తం కారుతూ, ఆ రక్తం గడ్డకట్టకుండా ఉంటే అది దొమ్మ వ్యాధి కావచ్చు. అటువంటి కళేబరాన్ని ఎట్టి పరిస్థితులలోను కోయరాదు, తోలు తీయరాదు. కోస్తే గాలి తగిలి ఆ సూక్ష్మజీవులు గట్టి పెంకు కట్టుకొని మట్టిలో దశాబ్దాల తరబడి బతుకుతాయి. మనుషులకూ సోకుతుంది. పశువైద్యుడు చెవి దగ్గర నుండి ఒక్క చుక్క రక్తం గాజు పలక మీద తీసుకొని చూస్తారు, అది చాలు. తర్వాత ఆరడుగుల లోతున సున్నం వేసి పూడ్చాలి. ఇలాంటి చోట ముక్కలు, ఫార్మలిన్, యంత్రం అన్న మాటే లేదు.

పిచ్చెక్కినట్టు అరుస్తూ, చొంగ కారుస్తూ, మింగలేక చనిపోయిన పశువును కూడా ఒట్టి చేతులతో ముట్టుకోరాదు. పుర్రె తెరవడం పశువైద్యుని పని. మెదడులో సగం ఫార్మలిన్‌లోను, మిగిలిన సగం ఫార్మలిన్ తగలకుండా చల్లగాను పంపుతారు. ఇటలీకి చెందిన నెగ్రీ 1903లో మెదడు కణాలలో చూపించిన గుర్తులే చాలా కాలం పిచ్చికుక్క వ్యాధికి నిదర్శనంగా నిలిచాయి. నేడు ఫార్మలిన్ లేని సగంపై చేసే ఫ్లోరసెంట్ పరీక్షే ప్రమాణం. ఆ పశువు చొంగ తగిలినవారు, పచ్చిపాలు తాగినవారు రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి పోయి డాక్టరుకు చెప్పాలి.

ఈ రెండూ కానప్పుడు సంగతి వేరు. శవపరీక్ష పశువైద్యుడే చేయాలి గాని, ఆయనకు కబురు ఎప్పుడు అందిందన్నది సభ్యుని చేతిలో ఉన్నది. మన ప్రాంతపు ఎండాకాలంలో గేదె చనిపోతే, పొట్టలో మేత పులుస్తూనే ఉంటుంది గనుక లోపలి వేడి తగ్గదు, పెరుగుతుంది కూడా. పేగు లోపలి పొర గంట లోపలే చెడటం మొదలవుతుంది. ఉదయం చనిపోయిన పశువుకు సాయంత్రం కబురు పంపితే పేగు ముక్క తీయడం దాదాపు దండగ. బంధువులందరూ వచ్చి చూసే వరకు ఆగుదామనుకోవడం మనిషికి సహజమే గాని, ఇక్కడ ఒక్కొక్క గంటకూ ధర ఉన్నది. కళేబరాన్ని నీడకు లాగి, తడి గోనెలు కప్పి, వెంటనే కబురు పంపవలెను. బీమా చేసిన పశువైతే చెవి పోగు ఊడకుండా చూసుకోవాలి. ఆ పోగు, డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం లేనిదే క్లెయిము నడవదు.

ఫార్మలిన్ మన సంఘాలకు కొత్త పేరు కాదు. పాలు విరగకుండా దొంగచాటుగా కలిపేవారి సంగతి, దానిని పట్టే పరీక్ష సంగతి కార్యదర్శులకు తెలుసు. ఆ ఫార్మలినే ఇక్కడ మంచి పనికి వస్తుంది. బజారులో దొరికే గాఢమైనది ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్ళు కలిపితే 10 శాతం ఫార్మలిన్ అవుతుంది. దానిలో తగిన లవణాలు కలిపి సిద్ధం చేసినది పశువైద్యశాలలో అడిగి తెచ్చుకోవడం ఉత్తమం. సంఘంలో ఉంచుకుంటే పాల గదికి దూరంగా, తాళం వేసి, పెద్ద అక్షరాల చీటీ అంటించి ఉంచాలి. పాల సీసాలో, మంచినీళ్ళ సీసాలో ఎప్పుడూ పోయరాదు. దాని ఆవిరి కళ్ళకు, ఊపిరికి హాని. అది మనుషులలో కాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది.

ఇక ముక్క పరిమాణం. చాలామంది పొరపాటు ఇక్కడే. పెద్ద ముక్క పంపితే డాక్టరుకు ఎక్కువ కనబడుతుందనుకుంటారు. ఫార్మలిన్ ముక్కలోకి గంటకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున దిగుతుంది, లోపలికి పోయినకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. పిడికెడు కార్జం వేస్తే పైన అంగుళంలో నాలుగవ వంతు నిలబడి, నడిమి భాగం కుళ్ళిపోతుంది. ముక్క మందం అర సెంటీమీటరు మించరాదు. పొడుగు, వెడల్పు ఒకటి రెండు సెంటీమీటర్లు చాలు. రోగం కనబడే చోటు, బాగున్న చోటు రెండూ కలిసే అంచు నుండి తీయాలి. ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి. పొదుగు ముక్కల విషయంలో మరింత పలుచదనం అవసరం. పొదుగులో కొవ్వు ఎక్కువ, కొవ్వు కరిగి పోయి మైనం నిండటానికి యంత్రంలో మామూలు సమయం చాలదు. మందంగా పంపిన పొదుగు ముక్క కోతలో నడుమ ఊడిపోయి గాజు పలక మీద రింగులా మిగలడం ప్రయోగశాలలో తరచు చూసే సంగతి.

సీసా మూతి వెడల్పుగా ఉండాలి. ఒకసారి ఒక ఊరి నుండి సన్న మూతి సీసాలో కార్జం ముక్క వచ్చింది. మెత్తగా ఉన్నప్పుడు వేలితో కుక్కి పెట్టారు. ఫార్మలిన్‌లో గట్టిపడిన తర్వాత అది బయటకు రాదు గదా! సీసా పగలగొట్టవలసి వచ్చింది. అంతకన్న పెద్ద పొరపాటు, ముక్కను మంచుగడ్డల పెట్టెలో గడ్డకట్టించి తేవడం. నీరు గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పలుకులు కణాలను చీల్చివేస్తాయి. కరిగిన తర్వాత చూడటానికి ముక్క బాగానే ఉంటుంది, సూక్ష్మదర్శిని కింద మాత్రం చిల్లుల జల్లెడలా కనబడుతుంది. ఫార్మలిన్‌లో వేసిన ముక్కను ఫ్రీజరులో పెట్టరాదు.

ఫార్మలిన్ వేయకూడనివి

అన్ని జబ్బులూ ముక్క కోసి చూస్తే తెలిసేవి కావు. పిలక జొన్న మేసి నాము తగిలి చనిపోయిన పశువు ముక్కలు ఎంత చక్కగా కోసినా ఏమీ దొరకదు. దానికి పొట్టలోని మేత, కార్జం ఫార్మలిన్ లేకుండా, గాలి చొరకుండా మూసి, మంచులో పెట్టి వెంటనే పంపాలి. సూక్ష్మజీవిని పెంచి చూడవలసిన గొంతువాపు వంటి వ్యాధులకు కూడా అంతే. ఫార్మలిన్ సూక్ష్మజీవిని చంపుతుంది, చచ్చిన దానిని పెంచలేరు కదా. అందుకే డాక్టరు ఒకే అవయవం నుండి రెండు ముక్కలు తీసి, ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి మంచులో పంపమంటే విసుక్కోరాదు. ఈ రెండింటినీ ఒకే సంచిలో పక్కపక్కన పెట్టరాదు, ఆవిరి తగిలినా రెండవది పాడవుతుంది.

ముక్కను కోసి చూస్తే తప్ప తెలియని జబ్బులూ ఉన్నాయి. ఇంగ్లండు ఉదాహరణ ఇక్కడ చెప్పదగినది. 1980ల నడుమ అక్కడి పాడి ఆవులు కొన్ని తూలుతూ, బెదురుతూ చనిపోసాగాయి. రోగాన్ని తెచ్చే సూక్ష్మజీవి ఏదీ తేలలేదు. 1986 నవంబరులో వేబ్రిడ్జి ప్రయోగశాల వారు ఆ ఆవుల మెదడు పొరలను సూక్ష్మదర్శిని కింద చూసి, కణాలలో స్పాంజి వంటి ఖాళీలున్నాయని గుర్తించారు. అది కొత్త వ్యాధి. పశువుల మాంసం, ఎముకల పొడి కలిపిన దాణా ద్వారా వ్యాపించిందని తరువాత తేలి, 1988 జూలైలో ఆ పొడిని ఆవులు, గొర్రెల వంటి నెమరువేసే జంతువుల దాణాలో కలపరాదని నిషేధించారు. పాడి పశువుల దాణా చట్టాలనే మార్చిన ఆ వ్యవహారం ఫార్మలిన్‌లో సరిగా నిలబెట్టిన మెదడు ముక్కలతో మొదలైంది.

చీటీ

ముక్కతో పాటు పంపే చీటీని ఎవరూ లెక్కచేయరు, కాని పాథాలజీ డాక్టరు మొదట చదివేది దానినే. సీసా మీద పెన్నుతో రాస్తే ఆల్కహాలు, ఫార్మలిన్ తగిలి సిరా కరిగిపోతుంది. అందుచేత గట్టి కాగితం మీద పెన్సిలుతో రాసి సీసా లోపల వేయవలెను, అదే వివరం సీసా బయట కూడా అంటించవలెను. సభ్యుని పేరు, సంఘం పేరు, పశువు చెవి పోగు నంబరు, ఆవా గేదా, ఎన్ని ఈతలు, చూడిదా కాదా రాయాలి. ఎప్పటి నుండి జబ్బు, పాలు ఎప్పుడు తగ్గాయి, ఏ మందులు వాడారు, ఎప్పుడు చనిపోయింది, ఎన్ని గంటలకు ముక్క తీశారు, కొట్టంలో మరి వేరే పశువులకు ఇలాగే ఉన్నదా అన్నవి తప్పక ఉండాలి. చనిపోయిన గంటకు, ముక్క తీసిన గంటకు మధ్య ఎడం నిజంగా ఎంతో అంతే రాయండి. ఆరు గంటలైతే ఆరనే రాయండి. కుళ్ళు వలన వచ్చిన మార్పేదో, రోగం వలన వచ్చిన మార్పేదో డాక్టరు వేరు చేసేది ఆ అంకెను బట్టే.

మన ఉదాహరణలోని జల్‌పల్లి సభ్యుడు పశువు చనిపోయిన రెండు గంటలలోపల డాక్టరుకు కబురు పంపి, పేగు చివరి ముక్క, దాని పక్క గ్రంథి, కార్జం ముక్క పలుచగా తీయించి, ఫార్మలిన్‌లో వేసి, పెన్సిలు చీటీతో రాజేంద్రనగర్‌కు పంపాడనుకుందాం. వారం లోపల ఎర్రటి పుల్లల వంటి జీవులున్నాయని జవాబు వస్తుంది, లేదా లేవని వస్తుంది. ఉన్నాయని వస్తే మిగిలిన నాలుగు గేదెల పేడను, రక్తాన్ని పరీక్షకు పంపడం, కొత్తగా పుట్టే దూడలను తల్లి పేడకు దూరంగా వేరే చోట కట్టి, శుభ్రంగా కడిగిన పొదుగు నుండి పిండిన జున్నుపాలు పోయడం, ఆ కొట్టం పేడను మేత పొలంలో చల్లకపోవడం ఆ వారమే మొదలుపెట్టాలి. లేవని వస్తే నట్టల మందు, మేత లోపాల వైపు తిరిగి వెతకాలి. రెండు జవాబులలో ఏది వచ్చినా సంఘం కార్యదర్శి ఆ రిపోర్టు నకలును సంఘం పశు ఆరోగ్య రిజిస్టరులో అతికించి ఉంచితే, మరుసటి ఏడు అదే వాడలో మరొక గేదె చిక్కిపోతున్నప్పుడు డాక్టరు మొదటి నుండి మొదలుపెట్టవలసిన పని ఉండదు.